పదకొండు సంతకాలు

మా బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. హాజరు పుస్తకంలో ఏదో పేరు ఉందట, అది ఆఫీసు గుమాస్తాకే తెలుసు. మాకందరికీ ఆమె గడబిడక్క. ఒకసారి మేనేజరు కూడా నోరు జారి మైకులో అలాగే పిలిచేశాడు. పిలిచాక నాలుక కరుచుకున్నాడు గానీ, ఆవిడ అప్పటికే పిండి చేతులు దులుపుకుంటూ ఆయన ముందు నిలబడి ఉంది.

పందొమ్మిదేళ్లుగా ఆమె పని పిండి కలిపే గదిలో. మనిషి పొట్టి, నడక పరుగు. టీ నిలబడి తాగుతుంది. ఫోను మాట్లాడుతూ గదికి నాలుగు చుట్లు తిరుగుతుంది. వాళ్లాయన టైలరు, ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను పెట్టుకున్నాడు. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన నాకు ఆల్బం చూపించి, "చూడమ్మా, పెళ్లిఫోటోలో కూడా దీని మొహం చెదిరిపోయింది. కెమెరా ఆయన కదలకండి అని మొత్తుకుంటూనే ఉన్నాడు," అన్నాడు. ఆమె వంటింట్లోంచే, "ఆయన అన్నేసి గంటలు నిలబెడితే ఎవరు కదలరు?" అంది.

నా సంగతి కూడా చెప్పాలి. పదహారేళ్లు ఒక చిన్న బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పాను. బడి మూతపడితే నలభై దాటాక ఈ ఫ్యాక్టరీలో ప్యాకింగుకు చేరాను. అందుకే నన్ను అందరూ టీచరమ్మ అంటారు. అందులో కాస్త వెటకారమూ ఉంది, కాస్త జాలీ ఉంది.

ఈ ఏడాది మొదట్లో హెడ్డాఫీసు నుంచి ట్రైనింగ్ మేడమ్ వచ్చింది. ముప్పై దాటి ఉండవు. చక్రాల పెట్టె లాక్కుంటూ తొమ్మిది ఫ్యాక్టరీలు తిరుగుతుంది. ప్రతి ఫ్యాక్టరీలోనూ పనివాళ్లకు పనివాళ్లే నేర్పాలని పైవాళ్లు నిర్ణయించారట. మా దగ్గర గడబిడక్కను ఎంచుకుంది. రెండు రోజులు హెడ్డాఫీసులో క్లాసుకు పంపారు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే, "కుర్చీలో ముళ్లున్నాయా అని రెండుసార్లు లేచి చూసుకున్నాను," అంది. అయినా మెడలో నీలం బ్యాడ్జి వేలాడుతుంటే ఆమె మొహంలో వెలుగు దాగలేదు. ట్రైనర్ అని రాసుంది దాని మీద. పందొమ్మిదేళ్లలో ఆమెకు ఫ్యాక్టరీ ఇచ్చిన మొదటి హోదా అది.

నేర్పాల్సింది ఒకటే పని. పిండి కలిపే మిషనును శుభ్రం చేయడం. వినడానికి గిన్నె కడిగినట్టే ఉంటుంది. కానీ ఆ గిన్నెలో ఇద్దరు మనుషులు కూర్చోవచ్చు. మధ్యలో మనిషి తొడంత లావు ఇనుప మెలిక తిరుగుతుంది. షిఫ్టు అయ్యాక దానికి అంటుకున్న పిండిని చేతులు లోపలికి పెట్టి గీకాలి. ఎర్ర బటన్ నొక్కితే మిషను ఆగుతుంది, పచ్చది నొక్కితే తిరుగుతుంది. కానీ బటన్ల పెట్టె స్తంభానికి అవతల ఉంది. ఇటు చెయ్యి పెట్టిన మనిషి అటు నిలబడ్డవాళ్లకు కనపడడు. అందుకని మెయిన్ స్విచ్ దించి, దానికి ఎవరి తాళం వాళ్లు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే చెయ్యి పెట్టాలని నియమం. ఒక్కొక్కరికీ ఒక పూర్తి షిఫ్టు పక్కన ఉండి నేర్పించాలని కాగితంలో రాసుంది.

ప్యాకింగు వాళ్లం, ఓవెన్ దగ్గరి వాళ్లు కలిసి పదకొండు మందిమి ఆ పని నేర్చుకోవాలి. రెండు నెలలు ఎవరికీ తీరలేదు. ఒక సోమవారం కబురొచ్చింది, మా దగ్గర బ్రెడ్డు కొనే పెద్ద దుకాణం వాళ్లు గురువారం తనిఖీకి వస్తున్నారని. మేనేజరు గడబిడక్కను పిలిచి, "గురువారానికి పదకొండూ అయిపోవాలి," అన్నాడు.

"సార్, ఒక్కొక్కరికి ఒక షిఫ్టు..."

"లైను ఆపలేనమ్మా. నువ్వు చురుకైనదానివనే కదా పెట్టింది."

చురుకైనదానివి అనే మాటే ఆమెను పడగొట్టిందని తరవాత నాతో చెప్పింది. బుధవారం మధ్యాహ్నం మా పదకొండు మందినీ క్యాంటీనులో కూర్చోబెట్టారు. గోడ మీద ఒక వీడియో వేశారు. అందులో తెల్లకోటు ఆయన ఎక్కడో తళతళలాడే గదిలో తాళం వేస్తూ నవ్వుతున్నాడు. నలభై నిమిషాల్లో అయిపోయింది. కాగితాలు తిరిగాయి, మేమంతా సంతకాలు పెట్టాం. ఆమె బల్ల చుట్టూ తిరుగుతూ, నిలబడే, ట్రైనర్ సంతకం అన్నచోట పదకొండు సార్లు గీకేసింది. చివరి సంతకానికి పెన్ను రాయకపోతే విదిలించి మళ్లీ రాసింది.

తనిఖీ బాగా జరిగింది. వారం తిరక్కుండా గేటు పక్కన బోర్డు వెలిసింది. శిక్షణ: నూటికి నూరు.

ఆ బోర్డు పెట్టిన రోజు నుంచీ గడబిడక్క మనిషి మారింది. మామూలుగా ఆమె గడబిడలో ఒక హుషారు ఉండేది. ఇప్పుడది పోయి, కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. పిండి కలుపుతూనే తలుపులోంచి ప్యాకింగు వైపు తొంగిచూసేది. తన షిఫ్టు అయిపోయినా వెళ్లేది కాదు. శుభ్రం చేసే వేళకు ఏదో మరిచిపోయినట్టు వచ్చి గోడ పక్కన నిలబడేది. "ఏంటక్కా?" అంటే, "ఏం లేదు," అనేది. డబ్బాలో తెచ్చుకున్న అన్నం తెచ్చుకున్నట్టే ఇంటికి తీసుకెళ్తోందని వాళ్లాయన నాతో వాపోయాడు.

ఒక మంగళవారం ఆమె భయపడిందే జరగబోయింది. ఓవెన్ దగ్గర పనిచేసే పొడుగాటి మనిషి ఒకడున్నాడు, నిచ్చెన అంటాం. అతనికి ఆ రోజు మిషను శుభ్రం చేసే వంతు. ఎర్ర బటన్ నొక్కి, మోచేతుల దాకా రెండు చేతులూ గిన్నెలో పెట్టి గీకుతున్నాడు. మెయిన్ స్విచ్ పైకే ఉంది. తాళం లేదు. గడబిడక్క అది చూసి పెట్టిన కేక ప్యాకింగు దాకా వినపడింది. మేం పరిగెత్తి వెళ్లేసరికి అతని చొక్కా వెనక పట్టుకుని గుంజుతోంది.

"చెయ్యి తియ్! తియ్ ముందు!"

అతను విదిలించుకున్నాడు. "ఎందుకంత అరుపు? ఆపాను కదా!"

"ఆపడం కాదు. తాళం ఏది?"

నిచ్చెన అందరి వైపూ చూశాడు. అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. "నాకు శిక్షణ పూర్తయిందమ్మా. కాగితం ఉంది. మీరే సంతకం పెట్టారు."

అతను గీకుడుకర్ర గిన్నె అంచుకు తగిలించి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లి స్విచ్ దించి, తన తాళం వేసి, మిగతా పిండంతా తనే గీకేసింది.

ఆ సాయంత్రం బస్టాపులో నా పక్కకు వచ్చి నిలబడింది. రెండు బస్సులు వదిలేసింది.

"టీచరమ్మా, నీకు తాళం వేయడం వచ్చా?"

"రాదక్కా," అన్నాను. నిజమే మరి. వీడియోలో చూసిందేదీ నాకు గుర్తులేదు.

"మరి సంతకం ఎందుకు పెట్టావ్?"

"అందరూ పెడుతున్నారు కదా అని."

"నేనూ అంతే," అంది. కాసేపు అటూ ఇటూ నడిచి మళ్లీ వచ్చింది. "నాకు పని నేర్పినాయన ఒకాయన ఉండేవాడు. నన్ను చెల్లెమ్మా అనేవాడు. నేను చేరిన మూడో నెలలో ఆయన గిన్నెలో చెయ్యి పెట్టి గీకుతున్నాడు. అప్పట్లో తాళాల్లేవు. సూపర్‌వైజరు నన్ను, మిషను ఆగిపోయింది చూడు, పచ్చ బటన్ నొక్కు అన్నాడు. నేను స్తంభం అవతలున్నాను. నాకేం కనపడుతుంది?"

"నొక్కింది నేనే. మోచెయ్యి రెండుచోట్ల విరిగింది. అతికింది గానీ వంకరగానే ఉండిపోయింది. పనివాడి నిర్లక్ష్యం అని రాసుకున్నారు. ఆయన నన్ను ఒక్క మాటనలేదు. నీకెవరూ చెప్పలేదు కదా చెల్లెమ్మా అన్నాడు, అంతే. తరవాత ఏదో బడికి గేటుమనిషిగా వెళ్లిపోయాడు." ఆమె బ్యాడ్జి తీసి సంచిలో పడేసుకుంది. "నాకు తెలుసు కదా. అన్నీ తెలిసి పదకొండు సార్లు గీకాను."

మర్నాడు మొదలుపెట్టింది. మధ్యాహ్నం రెండుకు మా షిఫ్టు దిగాక, తరవాతి షిఫ్టు మిషను ఎక్కించేదాకా అరగంట ఖాళీ ఉంటుంది. ఆ అరగంటలో ఒక్కొక్కరికి నేర్పుతానంది. ఇల్లు చేరడం ఆలస్యమవుతుందని కొందరు గొణిగారు. సూపర్‌వైజరు, "రెండున్నరకు మిషను తిరగాలి. ఒక్క నిమిషం అటైనా నా తల తీసేస్తారు," అన్నాడు. "నీ తల సంగతి నేను చూసుకుంటాలే, వీళ్ల చేతుల సంగతి చూడనీ," అందామె.

మొదట నన్నే పిలిచింది. చెప్పకూడదు గానీ, అంత దిక్కుమాలిన పాఠం నేను నా జన్మలో చూడలేదు. "ఇదిగో ఇలా," అని స్విచ్ దించేసింది. "ఇదిగో ఇలా," అని తాళం వేసేసింది. నేను కర్ర పట్టుకుంటే, "అలా కాదు, ఇటివ్వు," అని లాక్కుని గీకేసింది. ఐదు నిమిషాల్లో గిన్నె అద్దంలా తయారైంది.

"అర్థమైందా?"

"మీకు బాగా వచ్చని అర్థమైంది," అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. మర్నాడు మళ్లీ అంతే. ఆమె చేతులు ఆమె మాట వినవు. నేను తాళం వైపు చెయ్యి చాపేలోపే ఆమె చెయ్యి అక్కడుంటుంది. మూడో రోజు నాకూ ఓపిక నశించింది. బడిలో ఇలాంటి పంతుళ్లను చూశాను. పిల్లవాడి పలక లాక్కుని తామే రాసేస్తారు, పిల్లవాడు వాళ్ల మొహం చూస్తూ కూర్చుంటాడు.

"అక్కా, అటు తిరగండి," అన్నాను.

"ఎందుకు?"

"తిరగండి చెబుతా."

ఆమె ఏప్రాను తాడు విప్పి, ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఆ తాడుతోనే వదులుగా ముడేశాను. "ఇక నోటితో చెప్పండి. నేను తప్పు చేస్తే చేయనివ్వండి. తాళం వేసి ఉన్నాక తప్పు చేస్తే ఏమవుతుంది?"

ఆ అరగంట ఆమె పడ్డ అవస్థ చూడాలి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది. పెదవి కొరుక్కుంది. "అయ్యో కింద, కింద ఉంది పిండి, నీ కళ్లేమయ్యాయి!" అని గింజుకుంది. నేను మూడుసార్లు తప్పు చేశాను. తాళం వేశాక ఒకసారి పచ్చ బటన్ నొక్కి, మిషను కదలదని చూసుకోవాలట. అదే మరిచిపోయాను. ఆమె గుర్తు చేయలేదు. గిన్నె దాకా వెళ్లి, చెయ్యి పెట్టబోయి, నాకే గుర్తొచ్చి వెనక్కి వచ్చి బటన్ నొక్కాను. మిషను ఉలకలేదు, పలకలేదు.

"అదీ!" అని ఎగిరింది. "అది నేను చెప్పలేదు కదా? నేను చెప్పలేదు!"

ఆ రోజు నుంచి అదే పద్ధతి. గదిలోకి వస్తూనే, "కట్టండి నా చేతులు," అనేది. ఒక్కొక్కరికి రెండు మూడు రోజులు పట్టింది. నలుగురయ్యారు, ఆరుగురయ్యారు. ఆమె నెమ్మదించిందా అంటే లేదు. అయినవాళ్ల గురించి ఊరట లేదు, కానివాళ్ల గురించే ఆరాటం. వాళ్లకు శుభ్రం చేసే వంతు పడితే తనే వెళ్లి చేసొచ్చేది. నిచ్చెన మాత్రం రానన్నాడు. "ఒకసారి పూర్తయింది కదా, బోర్డు మీద కూడా రాశారు," అనేవాడు. అతనికి అసలు కోపం వేరే ఉంది. పన్నెండేళ్ల సర్వీసు ఉన్న తనను కాదని ఆమెకు బ్యాడ్జి ఇచ్చారని.

ఎనిమిది మంది పూర్తయిన రోజున ఆమె ట్రైనింగ్ మేడమ్‌కు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"మేడమ్, ఆ పదకొండు కాగితాలూ అబద్ధం."

అవతల నుంచి, "ఇలాంటివి ఫోన్లో మాట్లాడకండి," అని వినపడింది.

శుక్రవారం మేడమ్ తనే వచ్చింది. చక్రాల పెట్టె కూడా గది మూలన పెట్టకుండా, నిలబడే అడిగింది. "మీకు తెలుస్తోందా? ఇది బయటికొస్తే మీ ఉద్యోగానికీ నా ఉద్యోగానికీ కూడా ముప్పు."

"తెలుసు మేడమ్."

"నాకు తొమ్మిది ఫ్యాక్టరీలు. నేనొక్కదాన్ని. పైవాళ్లు నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు, ఎంత శాతం అయింది అని. ఎవరికి వచ్చింది అని ఒక్కరూ అడగలేదు." అని ఆగింది. గొంతు తగ్గించి, "ఎవరికి వచ్చింది?" అంది.

గడబిడక్క నన్ను చూపించింది. నేను చేసి చూపించాను. మేడమ్ కదలకుండా చూసింది. నా తాళం తీసుకుని తిప్పి చూస్తూ, "నాలుగేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను. ఒక్కసారి కూడా నా చేత్తో తాళం వేయలేదు," అంది. వేస్తానంది. వేసింది. నేరుగా గిన్నె దగ్గరికి నడిచింది. గడబిడక్క చేతులు వెనక్కి బిగబట్టి నిలబడింది, నోరు విప్పలేదు. మేడమ్ గిన్నె ముందు ఆగి, మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏదో మరిచిపోయాను కదూ?" అంది. వెళ్లి పచ్చ బటన్ నొక్కింది.

మేడమ్ ఆ సాయంత్రమే పైవాళ్లకు ఉన్నదున్నట్టు రాసింది. తన పేరూ అందులో చేర్చుకుందని మాకు తరవాత తెలిసింది. సోమవారం మేనేజరు గదిలో గడబిడక్కను గంటసేపు నిలబెట్టారు. చురుకైనదానివి అన్న నోటితోనే, "నిన్ను నమ్మి నెత్తిన పెట్టుకుంటే నా పరువు తీశావు," అన్నాడట. "సంతకం పెట్టినప్పుడే తీశాను సార్, ఇప్పుడు కాదు," అందట. విచారణ తేలేదాకా మూడు నెలలు బ్యాడ్జి లాగేసుకున్నారు. ఆమె ఇవ్వాల్సిన సంజాయిషీ కాగితం నేను రాసిపెట్టాను. ఆమె ప్రతి వాక్యం రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది.

గేటు పక్క బోర్డు మీద నూరు చెరిపి, పదకొండులో ఎనిమిది లెక్కన డెబ్భై మూడు అని రాశారు. వారం తిరక్కుండా బోర్డే మాయమైంది.

మిగిలిన ముగ్గురిలో ఇద్దరు వచ్చి నేర్చుకున్నారు. నిచ్చెన ఒక్కడే మిగిలాడు. బ్యాడ్జి పోయిన పది రోజులకు, రెండు దాటాక, పిండి గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపు కమ్మీ అతని నుదుటి దాకా వస్తుంది.

"ఇప్పుడు మీరు ట్రైనరు కాదుగా," అన్నాడు.

"కాదు."

"అయితే చూపించండి."

అతనికి పని రాక కాదు. వేగం ఉంది, బలం ఉంది. స్విచ్ దించాడు, తాళం వేశాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు, పచ్చ బటన్ నొక్కి చూశాడు. గీకడం మొదలుపెట్టాడు. అంతా సవ్యంగానే ఉంది. ఆమె ముఖంలో నెలల తరవాత కాస్త తేట కనపడింది. చివర్లో మెలిక వెనక ఓ పిండి ముద్ద అతనికి కనపడలేదు. "అదిగో, అక్కడ," అంటూనే ఆమె చేతులకు వెనక కట్టిన ముడి లాగేసుకుని, గిన్నెలోకి వంగి చెయ్యి పెట్టింది.

"ఆగండి," అన్నాడు నిచ్చెన. గట్టిగా కూడా అనలేదు. "మీ తాళం ఏది?"

ఆమె అలాగే వంగి ఉండిపోయింది. స్విచ్‌కు ఒక్క తాళమే వేలాడుతోంది, అతనిది. అతను తన పని అయిపోయిందనుకుని తాళం తీసేస్తే, ఆమె చెయ్యి లోపలే ఉంటుంది. నెమ్మదిగా చెయ్యి బయటికి తీసుకుంది. మొహం పిండిలా పాలిపోయింది. పందొమ్మిదేళ్లలో ఆ చెయ్యి ఎన్నిసార్లు అలా లోపలికి వెళ్లిందో ఆమెకే తెలియదు.

"నాకు తెలుసు కదా," అంది. బస్టాపులో అన్న మాటే, ఈసారి గొంతులో వేరేగా పలికింది.

నిచ్చెన నవ్వలేదు. నవ్వుతాడనుకున్నాను. "తెచ్చుకోండి. నేనిక్కడే ఉంటా," అన్నాడు. ఆమె అల్మారా దాకా వెళ్లి తాళం తెచ్చి, అతని తాళం పక్కన వేసింది. ఆ ముద్ద గీకి తీసేసరికి రెండు ముప్పై ఆరు. సూపర్‌వైజరు తలుపు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

మూడు నెలల తరవాత బ్యాడ్జి తిరిగి ఇచ్చారు. దాంతోపాటు వారానికి ఒక పూట మిషను ఆపి నేర్పుకోవచ్చని హెడ్డాఫీసు నుంచి కాగితం కూడా వచ్చింది. అది మేడమ్ పోరాడి తెచ్చిందని విన్నాం. ఆమె ఇంకా తొమ్మిది ఫ్యాక్టరీలూ తిరుగుతూనే ఉంది. మిగతా ఎనిమిదింటిలో సంతకాల సంగతి ఏమిటని గడబిడక్క ఒకసారి అడిగిందట. మేడమ్ చక్రాల పెట్టె లాక్కుంటూ బయల్దేరిందట. ఆ మాట చెప్పినప్పుడు గడబిడక్క నా వంటగదిలో గిన్నెలన్నీ ఒక పక్కనుంచి ఇంకో పక్కకు సర్దేసింది.

ఇప్పుడు నేనూ ఆమెతో కలిసి నేర్పుతున్నాను. మొన్న ఆదివారం నేను గుడ్డలు ఆరేసుకుంటుంటే ఫోను మోగింది. అవతల కుట్టుమిషను చప్పుడు, ఆమె అడుగుల చప్పుడు రెండూ వినపడుతున్నాయి.

"టీచరమ్మా, రేపు ఇద్దరు కొత్తవాళ్లు వస్తున్నారు తెలుసా?"

"తెలుసక్కా."

"అందులో ఒకమ్మాయిది ఎడమచేతి వాటమట. మన స్విచ్ కుడివైపు ఉంది. ఆ పిల్ల తాళం ఏ చేత్తో వేస్తుంది? కర్ర ఏ చేత్తో పట్టుకుంటుంది? నేను పొద్దుట్నుంచి ఇంట్లోనే గిన్నె, తాళం పెట్టుకుని ఎడమచేత్తో చేసి చూస్తున్నాను, కుదిరి చావడం లేదు. నువ్వు ఒకసారి రాగలవా?"

బట్టలు బకెట్లోనే వదిలేసి బయల్దేరాను.